డిస్కులు అరిగిన నడుముతో రోజులు గడపడం ఎలా: సమగ్ర మార్గదర్శి

రిపోర్టులో "డిస్కులు అరిగాయి" అన్న మాట చూడగానే చాలామంది నీరుగారిపోతారు. వంగాలంటే భయం, బరువు ముట్టుకోవాలంటే భయం, పసిపిల్లను ఎత్తుకోవాలన్నా భయం. కొన్ని నెలలు గడిచేసరికి నొప్పి కన్నా ఆ భయమే మనిషిని మూలన కూర్చోబెడుతుంది. నాకూ నడుము అడుగున, వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే ఈ డిస్కులు రెండు అరిగాయి. ఏళ్ళుగా వాటితోనే ఉద్యోగం, ఇంటి పని, ప్రయాణాలు నడుస్తున్నాయి. మూడు నెలలు దాటినా తగ్గని నడుము నొప్పితో, చేతిలో ఎమ్మారై రిపోర్టు పట్టుకుని ఏం చేయాలో తోచక ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అరిగిన డిస్కును మళ్ళీ కొత్తదిగా చేసే మందు ఇప్పటికైతే లేదు. అయితే నొప్పి ఎంత ఉండాలన్నది ఒక్క డిస్కే నిర్ణయించదు. ఏ పనికి మీ నడుము ఎదురు తిరుగుతుందో కనిపెట్టాలి. ఆ భారం ఒకేసారి మీద పడకుండా రోజంతా పరచుకోవాలి. చుట్టూ ఉన్న కండరాలకు మెల్లగా బలం తేవాలి. మన చేతిలో ఉన్నవి ఈ పనులే. కింద రాసిన అడుగుల వరుస మార్చకండి. ముఖ్యంగా మొదటి మూడూ కాకుండా వ్యాయామాల దగ్గరికి దూకొద్దు.

మొదటి అడుగు: ఇది ఇంట్లో చూసుకునే నొప్పేనా?

కింది లక్షణాల్లో ఏది కనిపించినా కాపడాలు, వ్యాయామాలు పక్కన పెట్టి, అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. మూత్రం రాక ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలం మీద అదుపు తప్పడం. మర్మాంగాలు, మలద్వారం, తొడల లోపలివైపు మొద్దుబారి, తాకినా తెలియకపోవడం. రెండు కాళ్ళలోనూ బలం తగ్గిపోవడం. వెన్నుపాము చివరి నుంచి కిందికి దిగే నరాల కట్ట నలిగినప్పుడు ఇలా జరుగుతుంది. ఆలస్యం చేసేకొద్దీ నష్టం శాశ్వతం కావచ్చు. చెప్పుకోవడానికి మొహమాటంగా ఉండే లక్షణాలివి, అందుకే కొందరు తెల్లారేదాకా ఆగుతారు. దయచేసి ఆగకండి.

ఇంకొన్ని లక్షణాలకు అంత హడావుడి అక్కర్లేదు కానీ వాయిదా వేయకుండా డాక్టర్‌ను కలవాలి. నడుస్తుంటే పాదం పైకి లేవక ఈడ్చుకుపోవడం, జ్వరంతో పాటు నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఏ వైపు పడుకున్నా రాత్రంతా ఒకే తీరుగా సలపడం. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, కింద పడిన తరవాత నొప్పి మొదలైనవాళ్ళు కూడా ముందు పరీక్ష చేయించుకోవాలి.

ఇవేవీ లేవంటే ఊపిరి పీల్చుకోండి. మీ నొప్పి బాధాకరమైనదే కానీ ప్రమాదకరమైనది కాకపోయే అవకాశమే చాలా ఎక్కువ.

రెండో అడుగు: రిపోర్టును ఉన్నంతవరకే చదవండి

మెడ నుంచి నడుము దాకా కదిలే వెన్నుపూసలు 24, వాటి మధ్య డిస్కులు 23. ఒక్కో డిస్కుకు బయట గట్టి నార పొరలు వలయాలుగా ఉంటాయి, లోపల నీరు నిండిన జెల్లీ లాంటి గుజ్జు ఉంటుంది. పెద్దయ్యాక డిస్కు లోపలికి రక్తనాళాలు దాదాపు ఉండవు. పైనా కిందా ఉన్న వెన్నుపూసల్లోంచి పోషకాలు మెల్లగా ఊరి లోపలికి చేరాలి. స్పాంజిని నొక్కి వదిలితే నీరు బయటికీ లోపలికీ ఆడినట్టు, మనం కదిలినప్పుడు ఒత్తిడి పెరిగి తగ్గుతూ ఈ రాకపోకలు సాగుతాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే డిస్కుకు కష్టం. రోజుల తరబడి మంచం మీద పడుకున్నా కష్టమే.

వయసుతో గుజ్జులో నీరు తగ్గుతుంది, డిస్కు ఎత్తు తగ్గుతుంది, బయటి పొరల్లో చీలికలు వస్తాయి. దీన్నే అరుగుదల అంటున్నారు. నొప్పి లేనివాళ్ళకూ ఇది జరుగుతుంది. నడుము నొప్పి అసలే లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కానింగులను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2015లో వెలువడింది. ఇరవై ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి, యాభై ఏళ్ళవాళ్ళలో 80 శాతం మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి డిస్కులు అరిగే కనిపించాయి. వాళ్ళెవరికీ నొప్పి లేదు. కాబట్టి రిపోర్టులో ఎంత పెద్ద మాట రాసి ఉన్నా, అది మీ నొప్పికి కొలబద్ద కాదు.

ఇదంతా నా వల్లే జరిగిందని, ఆ రోజు ఆ బరువు ఎత్తబట్టే ఇలా అయిందని కుమిలిపోయేవాళ్ళకు ఒక మాట. కవలల మీద చేసిన పరిశోధనల్లో అరుగుదలకు పెద్ద కారణం వంశపారంపర్యమేనని తేలింది. ఒకరు జీవితమంతా బరువులు మోసినా, ఇంకొకరు కుర్చీలో కూర్చుని పనిచేసినా, ఒకే పోలిక కవలల డిస్కులు చాలావరకు ఒకే తీరుగా అరిగాయి. పొగతాగడం, అధిక బరువు లాంటివి దానికి తోడవుతాయి.

రిపోర్టు బాగా పనికొచ్చేది ఒక్క సందర్భంలో: కాలిలోకి దిగే నొప్పి ఉన్నప్పుడు. నడుము అడుగున ఐదో నరం నలిగితే పిక్క బయటివైపు నుంచి పాదం పైభాగానికి, బొటనవేలికి తిమ్మిరి లాగుతుంది. దాని కింది నరం నలిగితే పిక్క వెనక నుంచి మడమకు, పాదం బయటి అంచుకు, చిటికెన వేలికి వెళ్తుంది. స్కానింగులో కనిపించిన చోటు, మీ కాలిలో తిమ్మిరి ఉన్న చోటు ఒకదానికొకటి సరిపోతున్నాయా అని డాక్టర్‌ను అడగండి. సరిపోకపోతే స్కానింగులో కనిపించింది మీ నొప్పికి కారణం కాకపోవచ్చు. డిస్కు గుజ్జు బయటికి పొడుచుకొచ్చిందని రాసి ఉన్నా భయపడక్కర్లేదు. అలా వచ్చిన ముక్కల్ని చాలాసార్లు శరీరమే కొన్ని నెలల్లో కరిగించుకుంటుంది. పెద్ద ముక్కలు ఇంకా బాగా కరుగుతాయి కూడా.

మూడో అడుగు: మీ నొప్పి తీరు కనిపెట్టండి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే చేస్తానంటే నేను ఇదే చేయమంటాను. ఒకే రిపోర్టు ఉన్న ఇద్దరికి ఒకే వ్యాయామాల కాగితం ఇస్తే ఒకరికి హాయిగా ఉంటుంది, ఇంకొకరు మర్నాడు లేవలేరు. వాళ్ళ నొప్పి తీరు వేరు కావడమే కారణం.

రెండు వారాలు ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకోండి. రోజుకు మూడుసార్లు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, మూడు సంగతులు రాయండి: సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత, ఎక్కడ, అంతకుముందు రెండు మూడు గంటలు ఏం చేశారు. పొడుగ్గా రాయక్కర్లేదు. "మధ్యాహ్నం, 5, నడుము మధ్యలో, కొంచెం కుడి పిరుదులోకి, రెండు గంటలు కదలకుండా కంప్యూటర్ ముందు. లేచి నడిస్తే పది నిమిషాల్లో 3." ఇంత చాలు. ఇందులో అసలు విషయం చివరి వాక్యంలో ఉంది. నొప్పి దేనివల్ల వచ్చిందో రాసినట్టే దేనివల్ల తగ్గిందో కూడా తప్పకుండా రాయండి. నిన్న చేసిన పనికి నడుము ఇవాళ బదులు చెప్పడం కూడా మామూలే. ఇవాళ పొద్దున నొప్పి పెరిగితే నిన్నటి పేజీ తిప్పి చూడండి.

రెండు వారాలకు మీ తీరు బయటపడుతుంది. వంగితే, కూర్చుంటే, కారు నడిపితే పెరిగి, నిలబడితే, నడిస్తే తగ్గే నొప్పి ఒక రకం. డిస్కు నొప్పుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. నిలబడితే, వెనక్కి వంగితే పెరిగి, కూర్చుంటేనో ముందుకు వాలితేనో తగ్గే నొప్పి రెండో రకం. ఇది నరాల దారి ఇరుకైనప్పుడు, వెన్నుపూసల కీళ్ళు అరిగినప్పుడు, వయసు మళ్ళినవాళ్ళలో ఎక్కువ. ఏ భంగిమలోనైనా కాసేపు బాగానే ఉండి, సమయం గడిచేకొద్దీ పెరిగేది మూడోది. ఈ మూడో రకంవాళ్ళు మంచి కుర్చీ కోసం వెతకడం కన్నా భంగిమ తరచూ మార్చుకోవడం మీద దృష్టి పెట్టాలి.

ఇంకో గుర్తు ఉంది. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ దీన్ని వెలుగులోకి తెచ్చారు. కాలిలోకి నొప్పి దిగేవాళ్ళు ఒక కదలిక చేసినప్పుడు, నొప్పి పిక్క నుంచి తొడకు, తొడ నుంచి పిరుదుకు, అక్కడి నుంచి నడుము మధ్యకు వెనక్కి వస్తుంటే ఆ కదలిక మీకు మేలు చేస్తున్నట్టు. నడుములో నొప్పి కొంచెం పెరిగినట్టు అనిపించినా ఫర్వాలేదు. నడుములో హాయిగా ఉన్నా నొప్పి కిందికి, పాదం వైపు జారుతుంటే ఆ కదలిక ఆపేయండి. బోర్లా పడుకుని, మోచేతుల మీద ఛాతీ లేపి రెండు నిమిషాలు ఉండి చూడండి. వంగితే నొప్పి పెరిగేవాళ్ళలో చాలామందికి నొప్పి ఇలా వెనక్కి వస్తుంది. రెండో రకంవాళ్ళకు ఇదే పని పడకపోవచ్చు.

నాలుగో అడుగు: పొద్దున మొదటి గంట కాపాడుకోండి

రాత్రి పడుకున్నప్పుడు డిస్కుల మీద భారం తగ్గి, అవి నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేవగానే మనం రాత్రి కన్నా సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు ఎక్కువ ఉంటాం. లేచాక ఆ నీరు మెల్లగా బయటికి పోతుంది, అందులో దాదాపు సగం మొదటి గంటలోనే. ఉబ్బి, బిగుసుకుని ఉన్న డిస్కును ఆ సమయంలో ముందుకు వంచితే దాని పొరల మీద ఒత్తిడి మిగతా రోజు కన్నా చాలా ఎక్కువ పడుతుంది. పొద్దున లేచిన వెంటనే వంగడం మానేసినవాళ్ళకు నొప్పి, నొప్పి ఉండే రోజులు తగ్గాయని 1998లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. పైసా ఖర్చు లేని చికిత్స ఇది.

మంచం మీద నుంచి నిటారుగా లేచి కూర్చోకండి. మోకాళ్ళు మడిచి, భుజాలు, తుంటి ఒకేసారి తిప్పుతూ పక్కకు ఒత్తిగిలండి. కాళ్ళు మంచం అంచు దాటించి కిందికి జారనివ్వండి. అదే ఊపులో కింది మోచేయి, పై అరచేయి పరుపు మీద నొక్కి పైకి లేవండి. కాళ్ళ బరువు కిందికి దిగుతుంటే ఒళ్ళు దానంతట అదే లేస్తుంది, నడుము మెలిక పడదు. పళ్ళు తోముకునేటప్పుడు బేసిన్ మీదకు వాలిపోకుండా ఒక చెయ్యి బేసిన్ అంచున ఆనించి, మోకాళ్ళు కొంచెం మడిచి, తుంటి వెనక్కి పెట్టండి. సాక్సులు, బూట్లు ఎప్పుడూ కూర్చుని వేసుకోండి. అదీ పాదాన్ని ఎదుటి మోకాలి మీదకు తెచ్చుకుని. మొదటి గంటలో వంగే ఆసనాలు, బకెట్లు ఎత్తడం, నేల తుడవడం పెట్టుకోకండి. ఇంటి పని తప్పనిసరి అయితే ముందు పది నిమిషాలు అటూ ఇటూ నడిచి మొదలుపెట్టండి.

తుమ్ము సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ నడుము కలుక్కుమనేది చాలాసార్లు తుమ్మినప్పుడే. తుమ్ము వస్తోందనగానే ఒక చెయ్యి గోడకో బల్లకో ఆనించి, ఛాతీ నిటారుగా ఉంచి, పొట్ట కొంచెం బిగించండి. మలబద్ధకం ఉంటే దాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ముక్కడం వల్ల డిస్కు మీద ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి మాత్రల్లో కొన్ని మలబద్ధకాన్ని పెంచుతాయి కూడా. నీళ్ళు, పీచు సరిపడా తీసుకోండి.

ఐదో అడుగు: వంగడం మళ్ళీ నేర్చుకోండి

జీవితాంతం వంగకుండా ఉండటం కుదరదు, అవసరమూ లేదు. నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర మడవడం నేర్చుకోవాలి.

పొడుగాటి కర్ర ఒకటి తీసుకుని వెన్ను వెంబడి నిలువుగా పట్టుకోండి. ఒక చెయ్యి మెడ వెనక, ఇంకోటి నడుము వెనక. కర్ర మూడు చోట్ల తగులుతూ ఉండాలి: తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మధ్య ఎముక మీద. మోకాళ్ళు కొద్దిగా సడలించి, వెనక ఉన్న తలుపును పిరుదులతో మూయబోతున్నట్టు తుంటిని వెనక్కి నెట్టండి. ఛాతీ దానంతట అది ముందుకు వాలుతుంది. మూడు చోట్లలో ఎక్కడ కర్ర విడిపోయినా నడుము గుండ్రంగా వంగినట్టే, అక్కడ ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. తొడ వెనక కండరం లాగుతున్నట్టు తెలిస్తే సరిగ్గా వస్తున్నట్టు. మొదట్లో అద్దం ముందు పక్కకు తిరిగి చేయండి. రోజుకు పదిసార్లు చొప్పున కొన్ని వారాలు చేస్తే కర్ర లేకుండానే ఒంటికి అలవాటవుతుంది.

బరువెత్తేటప్పుడు వస్తువును ఒంటికి ఆనించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఐదు కిలోలే అయినా చేతులు చాచి దూరంగా పట్టుకుంటే, ఒంటికి హత్తుకున్న పెద్ద బరువు కన్నా నడుముకు ఎక్కువ భారం. ఎత్తి తిరగకండి, పాదాలు కదిపి తిరగండి. కింద పడిన పెన్ను లాంటి తేలికైన వస్తువుకు వేరే పద్ధతి ఉంది. ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి, ఒక కాలు వెనక్కి లేపుతూ, రెండో కాలి మీద తుంటి దగ్గర వాలి అందుకోండి.

నొప్పి నెమ్మదించాక, కొన్ని నెలల తరవాత, నడుమును కూడా మెల్లగా వంచడం అలవాటు చేయాలి. ఎప్పటికీ బిగబట్టుకుని నడిచే మనిషికి కండరాలు పట్టేసి అదో కొత్త నొప్పి మొదలవుతుంది. ఈ మాట చాలామంది చెప్పరు.

ఆరో అడుగు: కూర్చునే గంటల్ని ముక్కలు చేయండి

సరైన కుర్చీ కోసం డబ్బు పోసే ముందు ఫోన్‌లో అలారం పెట్టండి. నోటుబుక్కులో మీ నొప్పి ఇరవై నిమిషాలకు మొదలవుతోందని ఉంటే పదిహేనుకే లేవండి. నొప్పి వచ్చాక లేవడం వేరు, రాకముందే లేవడం వేరు. లేచి ఒక నిమిషం నిలబడి, చేతులు పైకి చాచి, నాలుగు అడుగులు వేస్తే చాలు. కూర్చున్నప్పుడు నడుము వంపు వెనక చుట్టిన తువ్వాలు పెట్టుకోండి, తుంటి మోకాళ్ళ కన్నా కొంచెం ఎత్తులో ఉండేలా చూసుకోండి. దూర ప్రయాణమైతే ఆగే చోట్లు బయల్దేరకముందే అనుకోండి.

ఏడో అడుగు: నడక

నడకను మందు లాగే లెక్కపెట్టి తీసుకోవాలి. నడుము నొప్పి నుంచి కోలుకున్న 701 మంది మీద ఆస్ట్రేలియాలో జరిగి 2024లో వెలువడిన పరిశోధనలో, ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా పెంచుతూ వారానికి ఐదుసార్లు అరగంట చొప్పున నడిచే లక్ష్యం పెట్టుకున్నవాళ్ళలో సగం మందికి నొప్పి మళ్ళీ రావడానికి 208 రోజులు పట్టింది. నడక కార్యక్రమం లేనివాళ్ళలో సగం మందికి 112 రోజులే.

అరగంటతో మొదలుపెట్టకండి. పది నిమిషాలకు నొప్పి వస్తే ఏడు నిమిషాలు నడవండి, రోజుకు మూడుసార్లు. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. చేతులు భుజాల దగ్గర నుంచి స్వేచ్ఛగా ఊగాలి, అడుగు చురుగ్గా పడాలి. బజారులో వస్తువులు చూస్తూ తచ్చాడే నడక నడుముకు నిలబడటం కిందే లెక్క. నిలబడితే నొప్పి పెరిగే రెండో రకంవాళ్ళకు ఒక చోట కదలకుండా ఉండే సైకిల్ తొక్కడం బాగా నప్పుతుంది, ముందుకు వాలి కూర్చుంటారు కాబట్టి.

ఎనిమిదో అడుగు: మూడు వ్యాయామాలు

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద ఏళ్ళ తరబడి పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన మూడు వ్యాయామాలు, నడుమును పెద్దగా వంచకుండానే చుట్టూ ఉన్న కండరాలకు ఓర్పు పెంచుతాయి.

మొదటిది: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి, ఇంకో కాలు చాచండి. అరచేతులు నడుము వంపు కింద పెట్టండి. ఆ వంపు నేలకు అదమకుండా, తల, భుజాలు ఒకే దిమ్మగా నేల మీద నుంచి కాస్త, ఒక అంగుళం, లేపండి. గడ్డం ఛాతీకి ఆనించకండి. రెండోది: పక్కకు ఒత్తిగిలి మోచేయి, మోకాళ్ళు ఆనించి తుంటిని పైకి లేపండి. భుజం నుంచి మోకాలి దాకా ఒకే గీత కావాలి. మూడోది: చేతులు, మోకాళ్ళ మీద ఉండి, కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాచండి. నడుము మీద నీళ్ళ గ్లాసు పెట్టినా ఒలకనంత నిలకడగా ఉండాలి. తరవాత చెయ్యి, కాలు మార్చండి.

ప్రతిదీ పది సెకన్లు మించి పట్టి ఉంచొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. మొదట ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగుసార్లు, మళ్ళీ ఆగి రెండుసార్లు. బలం పెరిగేకొద్దీ సెకన్లు పెంచకుండా సంఖ్య పెంచండి. చేసేటప్పుడు నొప్పి రెండు పాయింట్లు పెరిగినా మర్నాటి పొద్దుటికి మామూలుకు వస్తే సరే. మర్నాడూ పెరిగే ఉంటే సగానికి తగ్గించండి, పూర్తిగా మానకండి. ఫలితం తెలియాలంటే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. తరవాత పిరుదులు, తొడల బలం పెంచే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చూస్తుండగా కలుపుకోండి. పిలాటిస్, యోగా, ఈత, బరువులు, ఏదైనా పనిచేస్తుంది. మీరు మానకుండా చేసేదే ఎంచుకోండి.

తొమ్మిదో అడుగు: నడుము పట్టేసిన రోజు

అన్నీ సరిగ్గా చేసినా ఒక రోజు పట్టేస్తుంది. అది డిస్కు ఇంకా పాడైందన్నదానికి గుర్తు కాదు. ఆ రోజు ఏం చేయాలో బాగున్న రోజే కాగితం మీద రాసి, ఇంట్లో వాళ్ళకు కనిపించే చోట అంటించండి. నొప్పితో మెలికలు తిరుగుతున్నప్పుడు బుర్ర పనిచేయదు.

ఆ కాగితంలో ఇలా ఉండాలి. ముందు మొదటి అడుగులో చెప్పిన ప్రమాద లక్షణాలు ఉన్నాయేమో చూడు. లేవంటే నేల మీద వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టు, పది పదిహేను నిమిషాలు. పొట్టలోకి నెమ్మదిగా ఊపిరి తీసి వదులు. వేడి కాపడం పావుగంట, చర్మం కాలకుండా గుడ్డ అడ్డం పెట్టి. గంటకోసారి లేచి రెండు నుంచి ఐదు నిమిషాలు ఇంట్లోనే నడువు. డాక్టర్ ముందే రాసిచ్చిన మాత్ర వేసుకో. వ్యాయామాలు రెండు రోజులు ఆపు, మూడో రోజు సగంతో మొదలుపెట్టు.

ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టకండి. చాలా పట్టివేతలు కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో సడలతాయి. ఇక బాగున్న రోజు ఇన్నాళ్ళ బాకీ పని అంతా ఒక్క పూటలో తీర్చేయాలన్న ఆరాటం వస్తుంది. ఆ పూటే తరవాతి పట్టివేతకు బీజం పడుతుంది. బాగున్న రోజైనా బాగాలేని రోజైనా చేసే పని ఇంచుమించు ఒకటే ఉండేలా చూసుకోండి.

పదో అడుగు: మందులు, బెల్టులు, ఇంజెక్షన్లు

ఐబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్ లాంటి మాత్రలు కొందరికి కొద్దిరోజులు పనిచేస్తాయి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు. నెలల తరబడి సొంతంగా కొనుక్కుని మింగడం ఎవరికీ మంచిది కాదు. సయాటికాకు, అంటే నరం నలిగి కాలిలోకి లాగే నొప్పికి, తరచూ రాసే ప్రీగాబలిన్ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదని, పైగా తలతిరుగుడు ఎక్కువైందని 2017లో ఒక పరిశోధన తేల్చింది. మీకు రాసి ఉంటే మాత్రం హఠాత్తుగా ఆపకండి, డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకోండి.

దీర్ఘకాల నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన, మనసుకు సంబంధించిన చికిత్సలు, కొన్ని రకాల మసాజ్ లాంటివి వాడవచ్చంది. నడుము బెల్టులు, ట్రాక్షన్ (నడుమును సాగదీసే చికిత్స), అల్ట్రాసౌండ్ చికిత్స, నల్లమందు జాతి మందులు మామూలుగా వాడొద్దంది. బెల్టు గురించి నా అభిప్రాయం: పట్టేసిన రోజో, తప్పనిసరి ప్రయాణంలోనో కొన్ని గంటలు పెట్టుకుంటే తప్పు లేదు. రోజంతా దానికే అలవాటుపడితే అది లేకుండా గడప దాటే ధైర్యం పోతుంది.

వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కాలిలోకి లాగే నొప్పికి కొన్ని వారాలు ఉపశమనం ఇవ్వొచ్చు. కేవలం నడుములోనే ఉండే నొప్పికి దాని ఉపయోగం తక్కువ.

పదకొండో అడుగు: నిద్ర, టెన్షన్, ఇంట్లో వాళ్ళు

నెలల తరబడి నొప్పి ఉంటే నరాల వ్యవస్థ అతి సున్నితంగా మారుతుంది. చిన్న ఒత్తిడికే పెద్ద అలారం మోగిస్తుంది. నిద్రలేని రాత్రి తరవాత, ఆఫీసులో టెన్షన్ పడిన రోజు నొప్పి పెరగడం ఊహ కాదు. నోటుబుక్కులో నిద్ర గంటలు కూడా రాస్తే మీకే తెలుస్తుంది.

గట్టి చెక్క మీద పడుకోవాలన్న సలహాకు బలం లేదు. 313 మంది మీద జరిగి 2003లో వెలువడిన పరిశోధనలో, బాగా గట్టి పరుపు కన్నా మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్ళకే నొప్పి బాగా తగ్గింది. ఒత్తిగిలి పడుకునేవాళ్ళు మోకాళ్ళ మధ్య, వెల్లకిలా పడుకునేవాళ్ళు మోకాళ్ళ కింద దిండు పెట్టుకోవాలి.

నొప్పి బయటికి కనిపించదు. అందుకే ఇంట్లో వాళ్ళు కొందరు నమ్మరు, కొందరు అతిగా నమ్మి ఏ పనీ ముట్టుకోనివ్వరు. రెండూ బాధే. "నాకు బాగాలేదు" అని వదిలేయకుండా కచ్చితంగా చెప్పండి: "గిన్నెలు నేను కడుగుతాను, బకెట్ మాత్రం నువ్వు ఎత్తు." ఇలా చెబితే సాయం చేసేవాళ్ళకూ తేలిక, మీ వంతు పని మీ చేతిలోనే ఉంటుంది. దిగులు రోజుల తరబడి వదలకపోతే, బతకాలనిపించకపోతే ఆ మాట డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. అదీ ఈ జబ్బులో భాగమే, దానికీ చికిత్స ఉంది.

పన్నెండో అడుగు: ఆపరేషన్ మాట వచ్చినప్పుడు

నరం నలిగి కాలిలో బలం తగ్గుతూ పోతున్నా, మొదటి అడుగులో చెప్పిన అత్యవసర లక్షణాలు ఉన్నా ఆపరేషన్ అవసరం అవుతుంది. వారాల తరబడి చికిత్స చేసినా కాలి నొప్పి భరించలేనట్టు ఉంటే, బయటికి వచ్చిన డిస్కు ముక్కను తీసేయడం వల్ల త్వరగా ఉపశమనం దొరుకుతుంది. కేవలం అరిగిన డిస్కు వల్ల నడుములోనే ఉండే నొప్పికి వెన్నుపూసల్ని స్క్రూలతో అతికించే ఆపరేషన్ సంగతి వేరు. 2003లో నార్వేలో, 2005లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధనల్లో, అలా అతికించినవాళ్ళకూ, క్రమపద్ధతిలో గట్టి వ్యాయామ శిక్షణ తీసుకున్నవాళ్ళకూ ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. అతికించిన చోటికి పైనో కిందో ఉన్న డిస్కు మీద తరవాత భారం పెరిగే అవకాశమూ ఉంది.

సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు నోటుబుక్కు తీసుకెళ్ళండి. అడగాల్సినవి రాసుకుని వెళ్ళండి: ఈ ఆపరేషన్ నడుము నొప్పికా, కాలి నొప్పికా? నా లక్షణాలకు, స్కానింగులో ఉన్నదానికి పొత్తు కుదిరిందా? చేయించుకోకుండా ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? చేయించుకుంటే ఎన్ని వారాలకు పనికి వెళ్ళగలను, గంటసేపు కూర్చోగలనా, బరువులు ఎత్తగలనా? తగ్గకపోతే తరవాతి దారి ఏమిటి? పొగతాగే అలవాటు ఉంటే ముందే చెప్పండి, దానివల్ల అతికించిన ఎముక సరిగ్గా కలవకపోవచ్చు. కాలిలో బలం తగ్గడం, మూత్రం ఆగడం లాంటివి లేనప్పుడు రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడానికి మీకు కావలసినంత సమయం ఉంటుంది, తీసుకోండి.